మిరప గింజకు ఏం కావాలి?

మొలక రాని గింజ చచ్చిన గింజ కానక్కరలేదు. వెచ్చదనం కోసం, గాలి కోసం, కొంచెం గడువు కోసం అది ఎదురుచూస్తూ వుండవచ్చు.

పెసలు రాత్రి నానవేసి గుడ్డలో మూటగడితే మరునాటికల్లా మొలక కనిపిస్తుంది. మెంతులు మూడు నాలుగు రోజులకే మట్టిని చీల్చుకొని పైకి వస్తాయి. మిరప గింజకు అంత తొందర లేదు. వారం గడిచినా కుండీలో మట్టి మట్టిగానే వుంటుంది. ఎనిమిదవ రోజున ఇంటి యజమాని పుల్లతో మట్టిని కెలికి చూస్తాడు. పదవ రోజున ఇల్లాలు అదే కుండీలో ధనియాలు చల్లుతుంది. నిజానికి ఆ గింజ సరిగ్గా ఆ రోజే కళ్లు తెరవబోతూ వుండవచ్చు.

ఇంటి కుండీ విషయమైతే నవ్వుకొని మరచిపోవచ్చు. గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో మిరప పండించే రైతుకు అది నవ్వుకొనే విషయం కాదు. ఎకరం పొలానికి కావలసిన నారును అతడు ఒక్క సెంటు నేలలో పెంచుకుంటాడు. సెంటు అంటే ఎకరంలో నూరవ వంతు. ఆ కాస్త చోట మొలక తప్పితే నూరు సెంట్ల భూమీ దున్ని సిద్ధంగా వుండి కూడా బీడుగా మిగులుతుంది. మళ్లీ విత్తనం కొని, మళ్లీ నారు పోసి, అది ఎదిగేదాకా ఆగాలంటే నెలన్నర కాలం చేజారుతుంది. అప్పటికి వానలు వెనుకబడతాయి. సంకరజాతి విత్తనమైతే 10 గ్రాముల పొట్లానికే వందల రూపాయలు పోయాలి. ఒక గ్రాముకు సుమారు 150 గింజలు తూగుతాయి. కాబట్టి ప్రతి గింజకూ లెక్క వున్నది.

మిరప నిదానస్తురాలన్న సంగతిని ప్రభుత్వ నిబంధనలు కూడా గుర్తించాయి. 1966 నాటి విత్తన చట్టాన్ని అనుసరించి మన దేశంలో కూరగాయ విత్తనాలకు కనీస ప్రమాణాలు ఏర్పడ్డాయి. టమాటా, వంకాయ విత్తనాలు నూటికి 70 మొలవాలని ఆ ప్రమాణాలు చెబుతాయి. మిరపకు మాత్రం 60 చాలు. ఒకే కుటుంబానికి చెందిన ఈ మూడు మొక్కలలో మిరపకే ఎందుకీ మినహాయింపు? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే గింజను మొలకెత్తించే ఉపాయం కూడా చాలావరకు తెలిసినట్లే.

పేరు తెచ్చిన చిక్కు

ముందుగా ఒక మాట. అనువాదం వృత్తిగా గల నావంటివారికి ఇంగ్లీషు తోటపని పుస్తకాలలో తరచుగా అడ్డుతగిలే పదం ‘పెప్పర్’. ఆ ఒక్క పదమే మిరియానికీ వర్తిస్తుంది, మిరపకూ వర్తిస్తుంది. ఈ గందరగోళం ఐదు శతాబ్దాల నాటిది. మన మిరియాల కోసం, తక్కిన సుగంధ ద్రవ్యాల కోసం 1492లో పడమటి దిక్కుగా ఓడ నడిపిన కొలంబస్‌కు కరీబియన్ దీవులలో కనిపించినది మిరప. నోటికి మంట పుట్టించిన ఆ కాయను మిరియం కోవలోనే చేర్చారు. పోర్చుగీసువారి వెంట పదహారవ శతాబ్దంలో మిరప మన దేశానికి వచ్చినప్పుడు మనవారు కూడా ఇంచుమించు అదే పని చేశారు. తమిళంలో మిరపకు ‘మిళగాయ్’ అని పేరు; మిళగు అంటే మిరియం. మన ‘మిరప’లో కూడా మిరియపు ఛాయ వినబడుతూనే వున్నది.

పేర్లు కలిసినా మొక్కలకు చుట్టరికం లేదు. మిరియం చెట్టును పట్టుకొని పాకే తీగ. దానిని సాధారణంగా తీగ ముక్కలు నాటి పెంచుతారు. వంటింటి డబ్బాలోని ఎండిన మిరియం మట్టిలో వేస్తే మొలవదు. మిరప వంకాయ, టమాటా, పొగాకు, ఉమ్మెత్తల కుటుంబంలోనిది. అది గింజతోనే పుడుతుంది, ఎండిన గింజలో ప్రాణం నిలుపుకుంటుంది.

పదం చిక్కు విడిపోయిన తరువాత మరొక చిక్కు మిగులుతుంది. ఆ పుస్తకాలలోని సలహాలు చాలావరకు చలిదేశాల వారికోసం వ్రాసినవి. చివరి మంచు కురిసే రోజుకు ఎనిమిది, పది వారాల ముందే ఇంటిలోపల గింజ వేయాలనీ, తొట్టి కింద విద్యుత్తుతో వేడెక్కే చాప పరవాలనీ, గాజు కిటికీ దగ్గర వుంచాలనీ వాటిలో వుంటుంది. మాటలను తెలుగులోకి తేవచ్చును గాని వాతావరణాన్ని తేలేము. విజయవాడలో జూన్ నెలలో గింజకు వేడి చాప పరచవలసిన అవసరం ఎవరికీ రాదు. అక్కడ భయపడవలసినవి అధిక వేడి, అధిక వాన. ఆ పుస్తకాల నుంచి మనం తీసుకోదగినది వారి పరికరం కాదు, ఆ పరికరం వెనుక గల కారణం. ఆ కారణం గింజ లోపల వున్నది.

గింజ లోపలి తలుపు

మిరప గింజ బిళ్ల వలె బల్లపరుపుగా వుంటుంది. అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే లోపల అంకురం పాము చుట్ట వలె చుట్టుకొని కనిపిస్తుంది. ఆ అంకురం చుట్టూ గట్టిపాటి కండ వున్నది. వృక్షశాస్త్రం దీనిని అంకురచ్ఛదం అంటుంది. అది మొలకకు ఆహారం. మొలకకు అడ్డుగోడ కూడా అదే. మొలక వేరు బయటికి రావాలంటే తన ఎదుట వున్న ఆ గోడను ఛేదించుకొని రావాలి.

ఇందుకు అంకురం బలప్రయోగం ఒక్కటే నమ్ముకోదు. నీరు అందిన తరువాత గింజలో కొన్ని ఎంజైములు తయారై, వేరు కొనకు ఎదురుగా వున్న గోడను కొద్దికొద్దిగా కరగించి మెత్తబరుస్తాయి. వేరు బయట పడటానికి ముందే ఆ పొర బిగువు తగ్గుతుందనీ, చలిలో ఈ పని చాలా ఆలస్యమవుతుందనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1983లో ప్రకటించిన పరిశోధనలో చూపారు. మనకు పైనుంచి ఏమీ జరగనట్లు కనిపించే ఆ వారం పది రోజులలో గింజ లోపల ఈ పని సాగుతూ వుంటుంది.

ఎంజైముల పనికి వెచ్చదనం కావాలి. ఎంత వెచ్చదనం? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఎన్నో దశాబ్దాల క్రితం ప్రచురించిన పట్టిక నేటికీ తోటమాలులకు ఆధారంగా వున్నది. మట్టి 15 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర వుంటే మిరప మొలవడానికి 25 రోజులు పడుతుంది. 20 డిగ్రీల దగ్గర 12, 13 రోజులు. 25 నుంచి 30 డిగ్రీల నడుమ 8 రోజులు. 35 డిగ్రీలకు మళ్లీ 9 రోజులు. 10 డిగ్రీల వద్ద మొలవనే మొలవదు. 40 డిగ్రీల వద్ద కూడా మొలవదు.

ఈ అంకెలు మట్టికి సంబంధించినవి, గాలికి కావు. తడిసిన మట్టి చుట్టూ వున్న గాలికంటె చల్లగా వుండవచ్చు. ఎండలో పెట్టిన నల్లని ప్లాస్టిక్ కుండీలోని మట్టి గాలికంటె ఎంతో వేడిగా వుండవచ్చు. హైదరాబాదులో డిసెంబరు నెలలో బాల్కనీలో వేసిన గింజ మూడు వారాలైనా కదలకపోవడానికీ, మే నెలలో డాబా మీద వేసిన గింజ ఉడికిపోవడానికీ కారణం ఈ పట్టికలోనే దొరుకుతుంది. తీరాంధ్రలో జూన్, జులై మాసాలలో తొలకరి పడిన తరువాత నేల వేడి తగ్గి, రాత్రులు కూడా సాధారణంగా 25 డిగ్రీల ప్రాంతంలో వుంటాయి. ఏ పట్టికా చూడకుండానే మన రైతులు నారు పోయడానికి ఆ రోజులనే ఎంచుకొన్నారు.

గింజకు కావలసిన మూడవ వస్తువు గాలి. నీరు, వెచ్చదనం అని చెప్పి చాలామంది అక్కడ ఆగిపోతారు. మేల్కొన్న గింజ శ్వాసిస్తుంది. మట్టి రేణువుల నడుమ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే దానికి ఊపిరి ఆడదు. మిరప గింజలు మొలవకపోవడానికి దాహంకంటె మునకే తరచు కారణం.

పక్షికి తీపి, ఎలుకకు మంట

మిరపకు ఈ నిదానమూ ఆ కారమూ ఎందుకు వచ్చాయని ఆలోచిస్తే దాని పుట్టిల్లు గుర్తుకు వస్తుంది. మధ్య, దక్షిణ అమెరికాల అడవులలో అడవి మిరప కాయలు చిన్నవిగా, ఎర్రగా, నిటారుగా వుంటాయి. వాటిని తిని గింజలను దూరాలకు చేర్చేవి పక్షులు. కారానికి మూలమైన కాప్సైసిన్ మన నోటిని మండించినట్లు పక్షుల నోటిని మండించదు. ఆ మంటను గ్రహించే శక్తి వాటికి లేదు.

అమెరికాలోని దక్షిణ ఆరిజోనాలో అడవి మిరపపై జరిపిన పరిశోధన 2001లో వెలువడింది. పక్షుల కడుపులోనుంచి వచ్చిన గింజలు చక్కగా మొలిచాయి. ఎలుక జాతి జంతువులు తిన్న గింజలలో ఒక్కటి కూడా మొలవలేదు. అవి గింజలను నమిలి నాశనం చేస్తాయి. నమిలే జంతువును దూరంగా వుంచి, మింగే పక్షిని దగ్గరకు రానిచ్చే ఏర్పాటు ఆ కారం. మరొక పరిశోధన 2008లో బొలీవియానుంచి వచ్చింది. అక్కడి ఒక అడవి మిరపలో కారం గల చెట్లూ, కారం లేని చెట్లూ పక్కపక్కనే వుంటాయి. పురుగులు కాయకు చేసిన రంధ్రాల గుండా బూజు లోపలికి పోయి గింజలను చంపుతుంది. కారం గల కాయలలో ఆ బూజుకు అంత సులభంగా ఎదుగుదల లేదని తేలింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. కారమంతా గింజలో వుందని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. అది తయారయ్యేది గింజలు అంటుకొని వుండే తెల్లని కండలో. గింజకు అంటేది పైపూత మాత్రమే. కాయలో వున్నంత కాలం కారమూ తోలూ గింజను కాపాడాయి. దానిని తీసి మట్టిలో వేసిన క్షణంనుంచి ఆ కావలి మన మీద పడుతుంది. మట్టిలో కూడా దాని శత్రువులలో ముఖ్యమైనది బూజే.

ఏ కాయ, ఏ గింజ?

మంచి మొలక మంచి కాయతో మొదలవుతుంది. పచ్చి మిరపకాయలోని గింజలు చూపుకు పూర్తిగా తయారైనట్లున్నా అంకురం ఇంకా ముదిరి వుండదు. కాయ చెట్టు మీదనే నిండుగా ఎర్రబడాలి. కోసిన తరువాత వెంటనే గింజ తీయకుండా వారం పది రోజులు నీడలో వుంచితే గింజ మరింత పరిపక్వమవుతుంది. అప్పుడే తీసిన తాజా గింజలలో కొంత నిద్రావస్థ వుంటుంది. అవి ఒక నెల నిలువ వుంటే మెరుగుగా మొలుస్తాయి.

గింజ తీసిన చేతులను సబ్బుతో కడుగుకొనేదాకా కంటిని తాకరాదు. ఈ మాట ప్రతి వంటింటికీ తెలిసినదే. గింజలను మొదట నీడలో, పిదప లేత ఎండలో ఆరబెట్టాలి. మిట్టమధ్యాహ్నం సిమెంటు డాబా మీద, రేకు మీద పోస్తే పైకి గలగలలాడుతూ ఎండినట్లు కనిపించినా లోపలి అంకురం దెబ్బతింటుంది. సర్టిఫైడ్ మిరప విత్తనంలో తేమ నూటికి 8కి మించరాదు; గాలి చొరని పొట్లంలో పెట్టేటట్లయితే 6కు మించరాదు. ఇంటిలో తేమ కొలిచే యంత్రం వుండదు కనుక మూత బిగుసుకొనే గాజు సీసాలో, వేయించి పూర్తిగా చల్లార్చిన బియ్యం గుడ్డలో కట్టి గింజలతో పాటు వుంచితే చాలు. బియ్యం తేమను లాగుకుంటాయి. సీసాను ఫ్రిజ్‌లో పెట్టేవారు బయటికి తీశాక అది గది వేడికి వచ్చేదాకా మూత తీయరాదు. లేకపోతే గాలిలోని చెమ్మ చల్లని గింజల మీద పేరుకుంటుంది.

అంగడినుంచి తెచ్చిన ఎండుమిరపకాయల గింజలు మొలుస్తాయా? ఎండలో ఎండినవై, పాతబడనివై వుంటే చాలావరకు మొలుస్తాయి. అయితే ఏ మొక్క వస్తుందో చెప్పలేము. అది సంకరజాతి కాయ అయితే తల్లి గుణాలు పిల్లలలో చెదిరిపోతాయి. ఏటేటా తన విత్తనం తానే నిలుపుకోదలచినవారు సూటి రకాలను ఎంచుకోవాలి. గుంటూరు చెంత లాం పరిశోధనా స్థానం ‘జి–4’ మొదలుకొని ‘ఎల్.సి.ఎ. 334’, ‘ఎల్.సి.ఎ. 625’ వరకు అటువంటి రకాలను రైతులకు అందించింది. మిరప తన పూవులోని పుప్పొడితోనే కాయగలదు గాని, తేనెటీగలు పక్క రకాల పుప్పొడిని కూడా మోసుకొస్తాయి. అందుకే సర్టిఫైడ్ విత్తన పొలానికీ మరొక మిరప పొలానికీ నడుమ 200 మీటర్ల దూరం వుండాలని నియమం. పెరటిలో అంత దూరం ఎక్కడిది? మొగ్గలున్న ఒక కొమ్మకు పలుచని గుడ్డ సంచి తొడిగి, కాయ కట్టిన తరువాత సంచి తీసి, ఆ కాయలకు దారం గుర్తు కట్టుకుంటే సరిపోతుంది.

గింజ ఎక్కడినుంచి వచ్చినా, మట్టిలో వేయడానికి ముందు దాని సత్తువ తెలుసుకొనే మార్గం ఒకటున్నది. ఇరవై గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో పరచి, మడిచి, గాలి కాస్త ఆడే డబ్బాలో పెట్టి వెచ్చని చోట వుంచండి. రోజుకొకసారి విప్పి గాలి తగలనిచ్చి, గుడ్డ ఆరితే చిలకరించండి. విత్తన పరీక్షా కేంద్రాలలో మిరపకు మొదటి లెక్క 7వ రోజున, చివరి లెక్క 14వ రోజున తీస్తారు. మీరూ పద్నాలుగు రోజులు ఆగండి. ఇరవైలో పన్నెండు మొలిస్తే అది చట్టం చెప్పిన 60 శాతం. ఎనిమిదే మొలిస్తే గింజలు ఒత్తుగా వేయాలి. మూడు నాలుగే మొలిస్తే వేరే విత్తనం వెదకుకోవాలి. రైతు ఈ పని నారు పోయడానికి రెండు వారాల ముందు చేసుకుంటే పోయేది ఇరవై గింజలు, మిగిలేది ఒక పంటకాలం.

వేసే విధానం

పొడి గింజలను గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానవేయడం మంచిది. అంతకు మించి నానవేస్తే గింజకు గాలి అందదు. నీటిపై తేలిన గింజలన్నీ తాళు గింజలని పారవేయనక్కరలేదు. బల్లపరుపుగా, తేలికగా వుండే ఈ గింజలలో మంచివి కూడా మొదట తేలుతాయి.

మట్టి గుల్లగా వుండాలి. తోట మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి జల్లించుకోవచ్చు. కొబ్బరి పొట్టు దొరికితే మరీ మంచిది. అది తడిని పట్టి వుంచుతూనే గాలికి చోటిస్తుంది. పచ్చి పేడ, చివకని ఎరువు పనికిరావు. గింజను అర సెంటీమీటరునుంచి సెంటీమీటరు లోతుకు మించి పూడ్చరాదు. లోతుగా వేస్తే మొలక పైకి చేరేలోగా దాని ఆహారం అయిపోతుంది. మరీ పైపైన వేస్తే గింజ ఎండిపోతుంది, లేదా బీజకవచాన్ని విడిపించుకోలేక తల మీద టోపీతో పైకి వస్తుంది. అటువంటి మొలక టోపీని గోటితో లాగకండి. నీటి బొట్టు వేసి మెత్తబరిస్తే అదే జారిపోతుంది.

గింజ మొలిచేదాకా వెలుతురు అక్కరలేదు. నారుమడి మీద పలుచగా వరిగడ్డి కప్పేది అందుకే. తడి నిలుస్తుంది, వాన చినుకు తాకిడికి గింజ బయట పడదు. అయితే మొలక తల ఎత్తిన రోజే గడ్డి తీసివేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం పాలిపోయి సన్నగా సాగుతాయి. నీటిని రోజ్‌క్యాన్‌తో ఉదయం పూట, మట్టి పైపొర ఆరడం మొదలైనప్పుడే చల్లాలి.

అన్ని మిరపలకూ ఒకే గడువు పెట్టరాదు. గుంటూరు సన్నం, బ్యాడిగి, జ్వాల, కూర మిరపలన్నీ ఒక జాతివి. పైన చెప్పిన పట్టిక వాటికి సరిపోతుంది. అస్సాం, నాగాలాండ్, మణిపూర్ల భూత్ జొలోకియా, అంటే నాగా మిరప, ప్రధానంగా వేరొక జాతికి చెందినది. 2007లో ప్రపంచంలోకెల్ల ఘాటైన మిరపగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఈ కాయ గింజ మొలవడానికి రెండునుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. గువాహతినుంచి గింజలు తెప్పించుకొని పన్నెండవ రోజునే నిరాశపడినవారు మట్టిని మార్చకుండా మరొక పక్షం ఆగవలసినది.

మొలిచిన తరువాత ముప్పు

మొలక కనిపించగానే పని ముగిసిందనుకోవడం సహజం. నారుకుళ్లు తెగులు సరిగ్గా ఆ సమయం కోసం కాచుకొని వుంటుంది. సాయంకాలం నిటారుగా వున్న మొలకలు తెల్లవారేసరికి మొదలు దగ్గర నీరుపట్టి, మెత్తబడి, గుంపులు గుంపులుగా నేలకు ఒరుగుతాయి. ఒక మూల మొదలై చాప చుట్టినట్లు మడి అంతా వ్యాపిస్తుంది. పిథియం అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి దీనికి ముఖ్య కారణం. మట్టి పైకి రాకముందే మొలకను చంపితే, గింజే మొలవలేదని మనం పొరబడతాము. విత్తనం మీద పడే నిందలలో కొంత భాగం నిజానికి ఈ తెగులుకు చెందాలి.

ఒరిగిన మొలక మళ్లీ లేవదు. కాబట్టి రాకుండా చూసుకోవడమే దారి. నారుమడిని నేలకు జానెడు ఎత్తున, మీటరు వెడల్పున, నీరు జారిపోయేటట్లు కట్టాలి. ఏటేటా ఒకే చోట నారు పోయరాదు. గింజలను ఒత్తుగా చల్లకుండా వరుసలలో వేయాలి. సందులలో గాలి ఆడితే మొదళ్లు త్వరగా ఆరుతాయి. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టిస్తే ఆ మేలు చేసే శిలీంధ్రం కీడు చేసేదానిని అణచిపెడుతుంది. తెగులు తొలి జాడ కనిపించగానే నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్లు తడిసేటట్లు పోయడం వ్యవసాయశాఖ చిరకాలంగా చెబుతున్న పద్ధతి.

గుంటూరు సీమకు ప్రత్యేకంగా వర్తించే సంగతి మరొకటున్నది. పొగాకుకు సోకే మొజాయిక్ వైరస్ దాని చుట్టమైన మిరపకు కూడా సోకుతుంది. గింజ పైపొరను అంటుకొని కూడా రాగలదు. లీటరు నీటికి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేటు కలిపి గింజలను 20 నిమిషాలు వుంచి, మంచినీటితో బాగా కడిగి నీడలో ఆరబెట్టడం అందుకు విరుగుడు. చుట్ట, బీడీ కాల్చిన చేతులతో కూడా ఆ వైరస్ నారుకు చేరుతుంది. నారుమడిలో దిగే ముందు సబ్బుతో చేతులు కడుగుకోవడానికి ఖర్చేమీ లేదు.

ఈనాడు చాలామంది రైతులు సొంత మడి మానుకొని నీడ పందిళ్ల కింద, కొబ్బరి పొట్టు నింపిన 98 గుంతల ట్రేలలో పెరిగిన నారు కొంటున్నారు. గుంతకు ఒక గింజ, దాని తడి దానికి, దాని వేరు దానికి. ఒక మొలక కుళ్లినా పక్కదానికి పాకడం తక్కువ. పద్ధతి కొత్తదే గాని సూత్రం పాతదే: వెచ్చదనం, మితమైన తడి, ధారాళమైన గాలి.

చీటీ, రసీదు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మొలవని విత్తనం కూడా వుంటుంది. అది పాతబడినదో, నాసిరకందో కావచ్చు. పొట్లం మీద మొలక శాతం, పరీక్ష జరిపిన తేదీ, చెల్లుబాటు గడువు, లాట్ నంబరు ముద్రించి వుండాలి. ఆ చీటీని, కొన్న రసీదును, కొన్ని గింజలతో సహా పొట్లాన్ని పంట చేతికి వచ్చేదాకా దాచుకోవాలి. లోపమున్న విత్తనం వల్ల నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేననీ, అతడు వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లవచ్చుననీ ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది. తన గింజకు వెచ్చదనమూ గాలీ సక్రమంగా అందించాననీ, ముందే తడిగుడ్డ పరీక్ష చేశాననీ చెప్పగలిగిన రైతు మాటకు అక్కడ బరువు ఎక్కువ. రసీదు లేని రైతుకు మిగిలేది దుఃఖం ఒక్కటే.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. మిరప గింజకు 60 చాలునన్నది దానికి చూపిన దయ కాదు. గట్టి గోడ వెనుక పుట్టి, ఆ గోడను నెమ్మదిగా కరగించుకొని రావలసిన గింజ అది. ఆ వ్యవధిలో చలి పెరిగినా, నీరు నిలిచినా, బూజు ముందుగా చేరినా దాని ప్రయత్నం ఆగిపోతుంది. మన చేతిలో వున్నది ఆ వ్యవధిని తగ్గించడం, అందాకా దానిని కాపాడటం.

కనుక ఈసారి గింజ వేసిన రోజున ఒక చీటీ మీద తేదీ వ్రాసి కుండీకి గుచ్చండి. దాని పక్కనే పద్నాలుగు రోజుల తరువాతి తేదీ కూడా వ్రాయండి. ఆ రెండవ తేదీ వచ్చేదాకా పుల్ల పట్టుకోకండి. ఉదయం వేలితో మట్టిని తాకి చూడండి. తడిగా వుంటే నీరు పోయకండి. ఎనిమిదవ రోజుకో పన్నెండవ రోజుకో మట్టి సన్నగా బీట విచ్చి, అందులోనుంచి తెల్లని కొక్కెం వంటిది వంగి పైకి వస్తుంది. అది కాండం, తల ఇంకా మట్టిలోనే వుంటుంది. మరునాటికి అది నిటారుగా లేచి, రెండు సన్నని ఆకులు విప్పుతుంది. ఆ రోజే కుండీని వెలుతురులోకి మార్చండి.